హెపటైటిస్ బీ ఉంది, ఐవీఎఫ్‌కి వెళ్లాలి: "నెగటివ్ చేయించుకుని రండి" అన్నారు

#1 వానచినుకు | సోమవారం రాత్రి 11:42

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుకుని వెళ్లిపోతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించండి.

నాకు 34. పెళ్లయి ఆరేళ్లు. నాకు హెపటైటిస్ బీ ఉందని పెళ్లికి ముందే తెలుసు, రక్తదానానికి వెళ్తే బయటపడింది. తర్వాత ఇంట్లో అందరికీ పరీక్ష చేయిస్తే అమ్మకి కూడా ఉందని తేలింది. పుట్టినప్పుడే నాకు వచ్చి ఉంటుందన్నారు. అమ్మ ఇప్పటికీ ఆ మాట తలుచుకుని కళ్లు తుడుచుకుంటుంది. మా ఆయనకి పెళ్లికి ముందే అంతా చెప్పాను. ఆయనకి నెగటివ్.

పిల్లల కోసం రెండేళ్లు చూశాక పరీక్షలు చేయిస్తే నా ట్యూబులు రెండూ మూసుకుపోయాయన్నారు. అండాన్ని ల్యాబ్‌లో ఫలదీకరణ చేసే ఐవీఎఫ్ తప్ప దారి లేదు. మొదట వెళ్లిన చోట డాక్టరమ్మ నా రక్త పరీక్ష చూడగానే కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు. కావాలని చేశారని అనను, కానీ నా కళ్ల ముందే జరిగింది. ఫైలు మీద ఎర్ర స్టిక్కర్ ఒకటి అంటించి, "ముందు ఇది నెగటివ్ చేయించుకుని రండి, అప్పుడు మొదలుపెడదాం" అన్నారు.

ఏడాదిన్నర అయింది. మూడు నెలలకోసారి హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బీ ఉందో లేదో చెప్పే రక్త పరీక్ష) చేయించుకుంటున్నాను. ప్రతిసారీ పాజిటివే. ఈలోగా నా ఏఎంహెచ్, అంటే అండాల నిల్వ ఎంతుందో చెప్పే లెక్క, 1.9 నుంచి 1.1కి దిగింది.

అసలు ఇది నెగటివ్ అవుతుందా? అవకపోతే ఐవీఎఫ్ చేయరా? బిడ్డకి వస్తుందా? ఇంకో చోటికి వెళ్తే ముందే చెప్పాలా? నిద్ర పట్టక రాస్తున్నాను.

#2 పాతకాపు | మంగళవారం ఉదయం 6:15

వానచినుకు గారూ, మీ పోస్టు చదివి కోపం వచ్చింది. మీ మీద కాదు.

పుట్టుకతోనో చిన్నప్పుడో వచ్చిన హెపటైటిస్ బీలో హెచ్‌బీఎస్‌ఏజీ దానంతటదే పోవడం ఏడాదికి 100 మందిలో సుమారు ఒకరికి జరుగుతుంది. మందులు వాడినా అంతంతే. ఇప్పుడున్న మాత్రలు వైరస్‌ని అణిచి ఉంచుతాయి, తుడిచిపెట్టవు. కాబట్టి "నెగటివ్ అయ్యాక రండి" అంటే "రావద్దు" అన్నట్టే. ఆ మాట సూటిగా చెప్పలేక మీ ఏడాదిన్నర తినేశారు. 34 ఏళ్లకి, 1.1 ఏఎంహెచ్‌కి ఆ ఏడాదిన్నర విలువేంటో వాళ్లకి తెలియదా?

ప్రతి మూడు నెలలకీ హెచ్‌బీఎస్‌ఏజీ చేయించుకోవడం ఆపేయండి. ఉందని తెలిసిన దాన్నే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. మీకు కావాల్సినవి వేరే ఉన్నాయి. హెచ్‌బీవీ డీఎన్‌ఏ, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే లెక్క. వైరస్ ఎంత చురుగ్గా ఉందో చెప్పే హెచ్‌బీఈఏజీ, యాంటీ హెచ్‌బీఈ. లివర్ దెబ్బతింటోందా చెప్పే ఎస్‌జీపీటీ. లివర్ గట్టిపడిందా లేదా చెప్పే ఫైబ్రోస్కాన్. వీటిలో ఒక్కటైనా చేయించారా ఇప్పటిదాకా?

ఇంతకీ నేనెవరినంటే, నాకూ పాజిటివ్. ఇద్దరు పిల్లలు, పెద్దదానికి తొమ్మిదేళ్లు. ఇద్దరికీ నెగటివ్.

#3 వానచినుకు | మంగళవారం ఉదయం 6:31

లేదండి. ఒక్కటీ చేయించలేదు. ఎవరూ చెప్పలేదు.

మీ చివరి లైను నాలుగుసార్లు చదివాను.

#4 నడిరేయి | మంగళవారం ఉదయం 9:05

అక్కా, మాది తిరగబడ్డ కేసు. నాకు పాజిటివ్, మా ఆవిడకి నెగటివ్. నా వీర్యకణాల కౌంట్ తక్కువ కాబట్టి ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించడం) అన్నారు. ఒకరు వీర్యం "వాష్" చేయిస్తే వైరస్ పోతుందంటారు, ఇంకొకరు అవసరం లేదంటారు. ఎవరిని నమ్మాలో తెలియట్లేదు.

పైగా మొన్న ఒక విచిత్రం. మా ఆవిడకి హెపటైటిస్ బీ టీకా రెండో డోసు వేయించాం. ఐదో రోజున క్లినిక్‌లో రొటీన్ పరీక్షల్లో హెచ్‌బీఎస్‌ఏజీ "రియాక్టివ్" అని వచ్చింది! ఆ రోజు ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. నా వల్లే వచ్చిందనుకుని నేను ఆమె మొహం చూడలేకపోయాను.

#5 గాజుపళ్లెం | మంగళవారం మధ్యాహ్నం 1:20

నేను ఐవీఎఫ్ ల్యాబ్‌లో ఎంబ్రియాలజీ వైపు పనిచేస్తాను. డాక్టర్ని కాదు. ల్యాబ్ సంగతులు మాత్రం చెప్పగలను.

నడిరేయి గారూ, ముందు మీ విచిత్రం సంగతి. కంగారు పడకండి. ఆ టీకాలో ఉండేదే హెచ్‌బీఎస్‌ఏజీ. వైరస్ పైపొర ప్రొటీన్‌ని విడిగా తయారుచేసి టీకాగా ఇస్తారు. వేయించుకున్న రెండు మూడు వారాల్లోపు పరీక్ష చేస్తే ఆ టీకా ప్రొటీనే రక్తంలో దొరికి పాజిటివ్ చూపించవచ్చు. నెల ఆగి మళ్లీ చేయించండి, కావాలంటే యాంటీ హెచ్‌బీసీ అనే యాంటీబాడీ పరీక్ష కూడా కలిపి. అది టీకా వల్ల రాదు, నిజంగా వైరస్ సోకితేనే వస్తుంది.

వీర్యం వాష్ గురించి: మామూలుగానే ఐయూఐకైనా (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) ఐవీఎఫ్‌కైనా వీర్యాన్ని కడిగి శుభ్రం చేస్తాం. వైరస్ కోసం ప్రత్యేకంగా చేసే వాష్ హెచ్‌ఐవీ విషయంలో వచ్చిన పద్ధతి. హెపటైటిస్ బీకి అంతకన్నా గట్టి ఆయుధం ఉంది, టీకా. భార్యకి టీకా పట్టిందని టైటర్‌లో (రక్తంలో యాంటీబాడీల లెక్క) తేలితే ఈ వాష్ చర్చ అక్కడితో అయిపోయినట్టే. యూరప్‌లోని సంతాన చికిత్స నిపుణుల సంఘం ఈఎస్‌హెచ్‌ఆర్‌ఈ 2021లో వైరస్ ఇన్ఫెక్షన్లున్న దంపతుల కోసమే ఒక మార్గదర్శకం ఇచ్చింది. దాని సారాంశం కూడా ఇదే. ఐయూఐ చేయాలా, ఐవీఎఫ్ చేయాలా, ఇక్సీ చేయాలా అన్నది మీ కౌంట్, ఆమె ట్యూబులు చూసి తేల్చాలి. హెపటైటిస్ బీ చూసి కాదు.

#6 నడిరేయి | మంగళవారం మధ్యాహ్నం 1:33

అన్నా... (అక్కా?) మీరెవరైనా సరే, దండం. ఈ ఒక్క ముక్క ఆ క్లినిక్‌లో చెప్పి ఉంటే సరిపోయేది.

#7 గాజుపళ్లెం | మంగళవారం మధ్యాహ్నం 1:40

అక్కనే 🙂

#8 మౌనంగా | మంగళవారం సాయంత్రం 7:48

నా సలహా ఎవరికీ నచ్చదని తెలుసు, అయినా చెప్తున్నాను. చెప్పకండి. నేను మొదటి చోట చెప్పి అనుభవించాను. రిసెప్షన్‌లో అందరి ముందూ "ఆ బీ పేషెంట్ ఎవరు?" అని కేకేశారు. అక్కడ కూర్చున్న మనుషులు నా పక్క కుర్చీ ఖాళీ చేశారు. రెండో చోట నోరు విప్పలేదు.

#9 పాతకాపు | మంగళవారం రాత్రి 8:10

మౌనంగా గారూ, ఆ కేకకి మీరు ఎంత కుంగిపోయి ఉంటారో నాకు తెలుసు. నాకూ అలాంటిదొకటి ఉంది, ఇక్కడ రాయను.

కానీ చెప్పకపోతే దాగుతుందా? ఐవీఎఫ్ మొదలుపెట్టే ముందు భార్యాభర్తలిద్దరికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేయకుండా ఎక్కడా ముందుకు వెళ్లరు. బయటపడేది ఎలాగూ బయటపడుతుంది. అది మన నోటి నుంచి, రిపోర్టుల ఫైలుతో సహా వస్తే మాట మన చేతిలో ఉంటుంది.

పైగా రేపు బిడ్డ పుట్టిన కొన్ని గంటల్లో పడాల్సిన ఇంజెక్షన్లు ఉన్నాయి. తల్లికి ఉందని ఆ గదిలో ఉన్నవాళ్లకి తెలియకపోతే అవి ఎవరు వేస్తారు?

#10 గాజుపళ్లెం | మంగళవారం రాత్రి 9:02

ల్యాబ్ వైపు నుంచి ఒక మాట. మాకు తెలిస్తే మేం భయపడి పారిపోం, పని ఏర్పాటు మార్చుకుంటాం, అంతే. పాజిటివ్ కేసుల ఎగ్ పికప్‌ని, అంటే అండాలు బయటికి తీయడాన్ని, ఆ రోజు ఆఖరి కేసుగా పెడతాం. తర్వాత మొత్తం శుభ్రం చేసుకోవడానికి వీలుంటుంది. విడిగా ఇంక్యుబేటర్ ఉంటే అందులో, లేకపోతే విడిగా ఒక అర. పిండాలు ఫ్రీజ్ చేసేటప్పుడు రెండు చివరలూ మూసేసిన స్ట్రాలో పెట్టి విడి ట్యాంకులో ఉంచుతాం.

ట్యాంకు ఎందుకంటారా? 1995లో ఒక కేసు బయటికొచ్చింది. ఎముక మజ్జ నిల్వ చేసిన ద్రవ నైట్రోజన్ ట్యాంకులో ఒక సంచి కారి, వైరస్ మిగతా రోగుల నమూనాలకి పాకి, వాళ్లకి హెపటైటిస్ బీ వచ్చింది. ఆ తర్వాత ప్రపంచమంతా జాగ్రత్తపడింది. పిండాల విషయంలో అలా జరిగినట్టు నేనెక్కడా చదవలేదు, కానీ ఆ జాగ్రత్త మానం.

అందుకే మౌనంగా గారూ, మీరు దాచినది మీ ఒక్కరి సంగతే కాదు. అదే ట్యాంకులో ఇంకొకరి పిండాలు కూడా ఉంటాయి. తిట్టడం లేదు, ఒకసారి ఆలోచించమంటున్నాను.

ఆ కేక పెట్టినావిడది మాత్రం వంద శాతం తప్పు. ఆఖరి స్లాట్ ఇవ్వడానికి కారణం ఉంది. నలుగురిలో కేకెయ్యడానికి ఏ కారణమూ లేదు.

#11 మౌనంగా | మంగళవారం రాత్రి 11:15

ట్యాంకు సంగతి నాకు తెలియదు. రేపు ఫోన్ చేసి చెప్తాను.

#12 ఆరోగ్యమిత్ర_99 | బుధవారం ఉదయం 10:00

హెపటైటిస్ బీ 90 రోజుల్లో పూర్తిగా నెగటివ్! సైడ్ ఎఫెక్టులు లేని మూలికా వైద్యం. వివరాలకు
*[మిగతా భాగం నిర్వాహకులు తొలగించారు]*

#13 నిర్వాహకులు | బుధవారం ఉదయం 10:20

నెగటివ్ చేస్తామని అమ్మే మందుల ప్రకటనలు ఇక్కడ వద్దు. ఈ సభ్యుడి ఖాతా మూసేశాం. మరో మాట: లివర్‌కి మంచిదని వాడే మూలికలతో లివర్ దెబ్బతిన్న కేసులు చాలా ఉన్నాయి. ఇప్పటికే ఏదైనా వాడుతుంటే మీ లివర్ డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.

#14 వానచినుకు | మరుసటి వారం, గురువారం సాయంత్రం 6:50

రిపోర్టులు వచ్చాయి! పాతకాపు గారు చెప్పినవన్నీ చేయించాను. లివర్ డాక్టర్‌ని కలిశాం.

హెచ్‌బీఈఏజీ నెగటివ్. హెచ్‌బీవీ డీఎన్‌ఏ 840. ఎస్‌జీపీటీ 24. ఫైబ్రోస్కాన్ 5.1. ఆయన కాగితం వెనక పెన్నుతో ఒక గీత గీసి, పైన 2 లక్షలు అని, కింద 2 వేలు అని రాసి, ఇంకా కింద ఒక చుక్క పెట్టి "మీరిక్కడ ఉన్నారు" అన్నారు. ప్రస్తుతానికి మందు అక్కర్లేదట. గర్భం వస్తే 26–28 వారాల మధ్య డీఎన్‌ఏ మళ్లీ చూస్తారట. 2 లక్షలు దాటితే వైరస్‌ని అణిచే టెనోఫోవిర్ మాత్ర, దాటకపోతే బిడ్డకి ఇంజెక్షన్లు చాలట. "ఐవీఎఫ్‌కి నా వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదు" అని లెటర్ రాసిచ్చారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన ఏమీ అనకుండా వాటర్ బాటిల్ మూత తీసి ఇచ్చారు.

ఒక చిక్కు మాత్రం ఉంది. మా ఆయనకి యాంటీ హెచ్‌బీఎస్, అంటే వైరస్ నుంచి కాపాడే యాంటీబాడీలు, సున్నా. ఎప్పుడో ఒక డోసు వేయించుకున్నట్టు గుర్తంటారు, మిగతావి వేయించుకోలేదు. ఆరేళ్లుగా ఇలాగే ఉన్నాం, ఎవరూ అడగలేదు. ఇప్పుడు 0, 1, 6 నెలల లెక్కన మూడు డోసులు అన్నారు. అంటే ఇంకో ఆరు నెలలు ఆగాలా? నా ఏఎంహెచ్ ఏమైపోతుంది?

#15 పాతకాపు | గురువారం రాత్రి 7:30

ముందు మీకు అభినందనలు. 840 చూసి నా ప్రాణం లేచొచ్చింది.

ఆగక్కర్లేదు. ఎగ్ పికప్‌కీ ఆయన టీకాకీ ముడిపెట్టకండి. టీకా ఆయన్ని కాపాడటానికి, ఆయన శాంపిల్ మీ నుంచి వైరస్ తీసుకోదు కదా. ఇవాళే మొదటి డోసు వేయించండి. టైటర్ వచ్చేదాకా కండోమ్ వాడండి. ఇంట్లో రేజర్లు, టూత్‌బ్రష్‌లు, గోళ్లు కత్తిరించేవి ఎవరివి వాళ్లకి ఉండాలి. అంతకుమించి ఏమీ వద్దు, కలిసి తినొచ్చు, ముద్దు పెట్టుకోవచ్చు. మూడో డోసు పడ్డాక ఒకటి రెండు నెలలకి యాంటీ హెచ్‌బీఎస్ చూసుకోండి, 10 దాటితే రక్షణ ఉన్నట్టు.

#16 గాజుపళ్లెం | గురువారం రాత్రి 8:05

పాతకాపు గారి మాటకి తోడు: అండాలు తీసి, పిండాలు చేసి ఫ్రీజ్ చేసుకోవచ్చు. ఏఎంహెచ్ దిగుతున్నప్పుడు పరిగెడుతున్న గడియారం అండాలది, గర్భసంచిది కాదు. ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భసంచిలో పెట్టడం) తీరిగ్గా పెట్టుకోవచ్చు. టీకాకి త్వరిత షెడ్యూళ్లు కూడా ఉన్నాయి, మీ డాక్టర్‌ని అడగండి.

పిండంలోకి వైరస్ వెళ్తుందా అని మీరు అడగకముందే చెప్తాను, అందరూ అడుగుతారు. అండాల్లో, పిండాల్లో వైరస్ ఆనవాళ్లు కనబడ్డాయని రాసిన పరిశోధనలున్నాయి. అయినా పిల్లలకి సోకేది ఎక్కువగా ప్రసవ సమయంలో, తల్లి రక్తం తగలడం వల్ల. అక్కడే అడ్డుకుంటాం.

#17 తొలకరి | శుక్రవారం ఉదయం 11:12

నాదో సందేహం. నాకూ పాజిటివే. ఐవీఎఫ్ ఇంజెక్షన్లు, హార్మోన్ మాత్రలు లివర్‌ని పాడుచేస్తాయా? మా వదిన అస్సలు వద్దంటోంది.

#18 పాతకాపు | శుక్రవారం మధ్యాహ్నం 12:40

లివర్ ప్రశాంతంగా ఉంటే, అంటే ఎస్‌జీపీటీ మామూలుగా ఉండి గట్టిపడటం లేకపోతే, ఆ ఇంజెక్షన్లని మామూలుగానే తట్టుకుంటారు. ఎస్‌జీపీటీ పెరిగి ఉంటేనో సిరోసిస్ ఉంటేనో సంగతి వేరు, ముందు లివర్‌ని దారిలో పెట్టాక ఐవీఎఫ్. లివర్ జబ్బున్నవాళ్లకి క్లోమిఫెన్ (అండాలు విడుదలయ్యేలా చేసే మాత్ర) ఇవ్వకూడదని మందు కాగితం మీదే ఉంటుంది. ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్‌కి ఈస్ట్రోజెన్ నోటి మాత్రలు రాస్తే, చర్మానికి అంటించే పట్టీయో రాసుకునే జెల్లో కుదురుతుందా అని అడగండి. నోటి ద్వారా వెళ్లేది ముందు లివర్ మీదుగానే వెళ్తుంది.

ఇంకోటి, పికప్ తర్వాత కడుపు ఉబ్బరం, ఆయాసం, బరువు గబగబా పెరగడం ఉంటే ఓహెచ్‌ఎస్‌ఎస్ (ఇంజెక్షన్లకి అండాశయాలు అతిగా స్పందించడం) కావచ్చు. అది ఎవరికైనా రావచ్చు. అందులోనూ ఎస్‌జీపీటీ పెరుగుతుంది. అప్పుడు "ఇది హెపటైటిస్ వల్ల" అని తోసెయ్యనివ్వకండి. మీ పాత రిపోర్టు చేతిలో ఉంచుకుంటే పోల్చి చూస్తారు.

మీ వదిన గారు రిపోర్టు చూసి అన్నారా, చూడకుండానేనా?

#19 తొలకరి | శుక్రవారం మధ్యాహ్నం 12:55

😅 చూడకుండానే.

#20 మూడోప్రయత్నం | ఆదివారం రాత్రి 10:25

ఈ థ్రెడ్ ఇప్పుడే చూశాను. అందరికీ 840 ఉండదు కాబట్టి నాది కూడా రాస్తాను. కొంచెం పెద్దదే, ఓపికుంటే చదవండి.

నాకు హెచ్‌బీఈఏజీ పాజిటివ్, డీఎన్‌ఏ 17 కోట్లు. అవును, కోట్లే. ఎస్‌జీపీటీ మాత్రం మామూలుగా ఉండేది. చిన్నప్పుడు సోకినవాళ్లలో ఇలా ఉంటుందట, వైరస్ బోలెడు ఉన్నా ఒళ్లు దానితో పోట్లాడదు. మొదటి రెండు ఐవీఎఫ్‌లు ఫెయిలయ్యాయి. వైరస్ వల్లేనా అని అడిగితే, తల్లికి హెపటైటిస్ బీ ఉంటే ఫలితం తగ్గుతుందని గట్టిగా చెప్పే ఆధారం లేదన్నారు, పిండాల నాణ్యత బాగాలేదన్నారు. అప్పట్లో నేను ఎంటెకావిర్ (వైరస్‌ని అణిచే ఇంకో మాత్ర) వాడుతున్నాను. గర్భం కోసం చూస్తున్నామని చెప్పగానే లివర్ డాక్టర్ దాన్ని ఆపి టెనోఫోవిర్‌కి మార్చారు. ఎంటెకావిర్ గర్భంలో వాడరు. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు మీ మాత్ర పేరు ఇవాళే ఒకసారి చూసుకోండి. ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లయితే అసలు కుదరదు, ఆపాక కూడా కొన్ని నెలలు ఆగాలి, మగవాళ్లు కూడా. మాత్ర ఏదైనా మీ అంతట మీరు ఆపెయ్యకండి. ఒక్కసారిగా ఆపితే వైరస్ ఎగదన్ని లివర్ దెబ్బతింటుంది.

మూడో ప్రయత్నంలో నిలిచింది. 28 వారాలకి డీఎన్‌ఏ వందల్లోకి వచ్చింది. మధ్యలో ఒక స్కాన్‌లో అనుమానం వచ్చి ఉమ్మనీరు పరీక్ష అన్నారు. వైరస్ చాలా ఎక్కువగా ఉన్నవాళ్లకి ఆ సూదితో బిడ్డకి సోకే ప్రమాదం కొంత ఉంటుందని చెప్పి ముందు ఎన్‌ఐపీటీ (తల్లి రక్తంతో బిడ్డ క్రోమోజోముల్ని చూసే పరీక్ష) చేయించారు, నా రక్తంతోనే అయిపోయింది. అందులో అంతా బాగుంది.

ఇక పుట్టిన రాత్రి.

వైరస్ కోసమని సిజేరియన్ అక్కర్లేదన్నారు, నాకు మామూలు కాన్పే. రాత్రి 2:10కి పుట్టాడు. లివర్ డాక్టర్ ఇచ్చిన కాగితం మా ఆయన చొక్కా జేబులో మడిచి పెట్టుకున్నారు. అందులో రెండే లైన్లు: "హెచ్‌బీఐజీ, హెపటైటిస్ బీ టీకా మొదటి డోసు, రెండూ 12 గంటల లోపు, చెరో తొడకి." డ్యూటీలో ఉన్న నర్సు టీకా ఒక్కటే తెచ్చింది. "మామూలుగా ఇదే ఇస్తాం సార్" అంది. పాపం ఆమె తప్పు కాదు, రోజూ అందరు పిల్లలకీ వేసేది అదే. హెచ్‌బీఐజీ అంటే రెడీమేడ్ యాంటీబాడీలు, టీకా పనిచేయడం మొదలయ్యేదాకా కాపలా కాసేవి. అది వార్డు ఫ్రిజ్‌లో లేదు. మా ఆయన కాగితం చూపించి, కూర్చోకుండా అక్కడే నిలబడ్డారు. ఫార్మసీ నుంచి తెప్పించి 3:25కి వేశారు. ఎడమ తొడకి ఒకటి, కుడి తొడకి ఒకటి, రెండు చిన్న గుండ్రటి ప్లాస్టర్లు. నా జీవితంలో నేను చూసిన అందమైన వస్తువులు అవే అంటే నవ్వుతారేమో.

ఆ నెల డెలివరీకి ముందే హెచ్‌బీఐజీ స్టాకుందా అని ఫోన్ చేసి అడిగి ఉండాల్సింది. మీరు అడగండి. ఆస్పత్రిలో లేకపోతే ముందే తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టించండి.

#21 వానచినుకు | ఆదివారం రాత్రి 10:41

చదువుతూనే ఉన్నా అక్కా. తర్వాత? బాబుకి?

#22 మూడోప్రయత్నం | ఆదివారం రాత్రి 11:08

మిగతా డోసులన్నీ టైముకి వేయించాం, ఒక్కటీ వాయిదా వేయలేదు. పరీక్ష తొమ్మిది నెలలు నిండాక. అంతకుముందు చేయిస్తే హెచ్‌బీఐజీ యాంటీబాడీలు కలిసిపోయి తప్పుదారి పట్టిస్తాయట. బొడ్డుతాడు రక్తం చూసీ ఏమీ తేల్చరు. ఆ తొమ్మిది నెలలు నేను ఎలా గడిపానో వేరే థ్రెడ్ అవుతుంది.

హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్. యాంటీ హెచ్‌బీఎస్ 340. వాడికిప్పుడు రెండేళ్లు, ఈ టైపింగ్‌లో సగం అక్షరాలు వాడు కొట్టినవే, సరిచేసుకుంటూ వస్తున్నా.

పాలు ఇచ్చాను. ఇంజెక్షన్లు పడ్డాక పాలివ్వడానికి అడ్డులేదు, టెనోఫోవిర్ వాడుతున్నా ఇవ్వొచ్చు. చనుమొన పగిలి రక్తం వచ్చిన వారం మాత్రం ఆ వైపు ఆపి పిండి పారబోయమన్నారు.

నా గురించి నేను మర్చిపోయాను, అదొక తప్పు. కాన్పయిన ఎనిమిదో వారంలో విపరీతమైన నీరసం. పసిబిడ్డ తల్లికి నీరసం కాక ఏముంటుందనుకున్నా. లివర్ డాక్టర్ పట్టుబట్టి రక్తం తీయిస్తే ఎస్‌జీపీటీ 210. గర్భంలో నిద్రపోయిన రోగనిరోధక శక్తి కాన్పయ్యాక లేచి వైరస్ మీద పడుతుందట. టెనోఫోవిర్ ఆపకుండా ఉన్నాను కాబట్టి మూడు నెలల్లో దిగింది. కాన్పు తర్వాత ఆరు నెలల దాకా మీ రక్త పరీక్షలు మానకండి. బిడ్డకి నెగటివ్ రాగానే ఇంట్లో అందరూ మనల్ని మర్చిపోతారు, మనం కూడా.

#23 తొలకరి | సోమవారం ఉదయం 8:30

అసలు ఆ ఇంజెక్షన్లు వేయకపోతే ఎంతమందికి వస్తుంది? భయపెట్టడానికి కాదు, మా ఇంట్లోవాళ్లకి లెక్క చెప్పాలి.

#24 గాజుపళ్లెం | సోమవారం మధ్యాహ్నం 2:15

తల్లికి హెచ్‌బీఈఏజీ పాజిటివ్ అయి బిడ్డకి ఏ రక్షణా లేకపోతే 100లో 70 నుంచి 90 మందికి. ఈఏజీ నెగటివ్ అయితే 10 నుంచి 40 మందికి. అలా పుట్టుకతో సోకినవాళ్లలో పదిలో తొమ్మిది మందికి జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే ఉండిపోయేది 5 శాతం లోపే, అందుకే ఆ మొదటి గంటలకి అంత విలువ. టీకా, హెచ్‌బీఐజీ రెండూ టైముకి పడితే 100లో 90కి పైగా పిల్లలు బయటపడతారు. వైరస్ ఎక్కువగా ఉన్న తల్లులు టెనోఫోవిర్ కూడా వాడితే ఆ మిగిలిన కాస్త ప్రమాదం కూడా దాదాపు పోతుంది.

వానచినుకు గారి అమ్మగారి రోజుల్లో ఈ టీకా అందరికీ అందేది కాదు. టీకా 1980ల మొదట్లో వచ్చింది, పుట్టిన ప్రతి బిడ్డకీ వేయడం ఇంకా చాలా ఏళ్లకి. ఆవిడకి ఈ మాట చెప్పండి. ఆవిడ చేయగలిగి చేయనిది ఏదీ లేదు.

#25 వానచినుకు | సోమవారం మధ్యాహ్నం 2:50

చదివి వినిపించాను. "నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదే" అంది. కాసేపాగి "నీకు చెప్పేవాళ్లున్నారు కదా" అంది.

#26 నడిరేయి | రెండు వారాల తర్వాత, శనివారం

అప్‌డేట్: మా ఆవిడకి మళ్లీ పరీక్ష. హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్, యాంటీ హెచ్‌బీసీ నెగటివ్. టీకా వల్లే! ఇప్పుడు ఆవిడ మొహం చూడగలుగుతున్నాను, ఆవిడే చూడనివ్వట్లేదు, మూడు వారాలు అనవసరంగా ఏడిపించానని.

#27 మౌనంగా | అదే రోజు

ఫోన్ చేసి చెప్పాను అని రాయడం మర్చిపోయాను. కౌన్సెలర్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రిపోర్టులో మేమే చూశాం, మీరు ఎప్పుడు చెప్తారా అని ఎదురుచూస్తున్నాం" అంది. పిండాలు ముందే విడి ట్యాంకులో పెట్టారట.

#28 వానచినుకు | ఎనిమిది నెలల తర్వాత, బుధవారం రాత్రి

ఇన్నాళ్లూ రాయనందుకు సారీ. దిష్టి తగులుతుందనే భయం, ఏం చేయను.

కొత్త చోట మొదటి రోజే లివర్ డాక్టర్ లెటర్ టేబుల్ మీద పెట్టి చెప్పాను. ఆవిడ చదివి, "మంచిది, ఆఖరి స్లాట్ ఇస్తాం, కాస్త ఎక్కువసేపు ఆకలితో ఉండాలి, పర్లేదా?" అన్నారు. అంతే. కుర్చీ జరగలేదు. నేను దాని కాళ్లనే చూస్తూ కూర్చున్నా.

పికప్‌లో ఏడు అండాలు. నాలుగు ఫలదీకరణ అయ్యాయి, రెండు ఐదో రోజుకి వచ్చాయి, రెండూ ఫ్రీజ్. ఎస్‌జీపీటీ అప్పుడు 26. మా ఆయన మూడో డోసు పడ్డాక ఐదు వారాలకి టైటర్ చూస్తే 212. నాకన్నా ఆయనే ఎక్కువ సంబరపడ్డారు, ఆ రిపోర్టు ఫోన్‌లో వాల్‌పేపర్ పెట్టుకున్నారు, తీయించాను.

నిన్న ఒక పిండం ట్రాన్స్‌ఫర్ అయింది. గర్భం నిలిచిందా చెప్పే బీటా రక్త పరీక్షకి ఇంకా పది రోజులుంది. ఏమవుతుందో తెలియదు.

మూడోప్రయత్నం అక్కా, ఆ డెలివరీ కాగితం రెండు లైన్లది. ఇప్పుడే రాయించుకుంటే మరీ తొందరపాటు అవుతుందా?

#29 మూడోప్రయత్నం | బుధవారం రాత్రి, ఏడు నిమిషాల తర్వాత

అవదు. నాది ఫోటో తీసి మెసేజ్‌లో పంపాను, మడతల దగ్గర అక్షరాలు కొంచెం చెరిగాయి. పైన పేరు, తేదీ నీ డాక్టర్‌తో కొత్తగా రాయించుకో. మీ ఆయన చొక్కాకి జేబుందో లేదో కూడా చూసుకో.